‘పైకొచ్చిన’ అనే కబురు

నా ఉద్యోగం ఏమిటో మా నాయినకు ఇప్పటికీ నచ్చలేదు. మహబూబాబాద్ బజారులో మాది కిరాణా దుకాణం. దుకాణంలో పుట్టి పెరిగినవాళ్లకు పని అంటే ఒక సరుకు ఉండాలి, దాన్ని తూచాలి, పొట్లం కట్టి చేతికివ్వాలి. నేను ఏ సరుకూ అమ్మను. జనగామలో ఒక ఆఫీసు ఉంది, అక్కడి నుంచి ఊళ్ల మీద పడి తిరుగుతాను. ముక్కూ మొహం తెలియనివాళ్ల ఇళ్లలో కూర్చుని, “మీ ఫోన్లో ఉన్న నడక లెక్క మాకు ఇస్తారా? నిద్ర లెక్క ఇస్తారా?” అని అడుగుతాను. “అడుక్కునే నౌకరి అని సక్కగ చెప్పరాదు?” అంటాడు నాయిన. నాకు చర్రున కోపం వస్తుంది. ఆ కోపం ఆయన దగ్గరి నుంచే వచ్చింది కాబట్టి ఇద్దరం కాసేపు మొహాలు తిప్పుకుని కూర్చుంటాం. తర్వాత ఆయనే నాకు ఛాయ్ తెప్పిస్తాడు.

ఒకసారి మాత్రం ఆయనకు దుకాణం భాషలోనే చెప్పాను. ఏ వానాకాలంలోనో మా దుకాణంలో ఉన్నట్టుండి వాము, నిమ్మకాయలు, గ్లూకోజు డబ్బాలు ఎక్కువగా పోయేవి. కొన్నవాళ్లంతా ఒకే వాడ నుంచి వచ్చేవాళ్లు. నాయిన గల్లాపెట్టె దగ్గర కూర్చునే, “ఆ వాడల నీళ్లు ఖరాబైనయ్” అనేవాడు. కడుపులో బాగోలేదని దుకాణంలో ఎవరు చెబుతారు? నోరు చెప్పని సంగతి కొన్న సరుకు చెప్పేది. “ఇప్పుడు అట్లాంటి సంగతులు ఫోన్లకు తెలుసు నాయినా. ఎవరి నడక తగ్గింది, ఎవరికి నిద్ర పట్టడం లేదు, ఎవరు ఇల్లు కదలడం మానేశారు, అన్నీ వాటికి తెలుసు. మేము అవి అడిగి తీసుకుని, పేర్లు తీసేసి, ఏ ఊళ్లో ఏ రోగం మొదలవుతున్నదో ముందుగా పట్టుకోవచ్చా అని చూస్తున్నాం” అన్నాను.

నాయిన మీసం సవరించుకున్నాడు. “మంచిదే బిడ్డ. గని నేను గల్లకాడ కూసోని ఊకె సూసిన. మీరు అడుగుతాన్లు. అడిగితె ఇస్తరా ఎవలన్న?” అన్నాడు.

నిజం చెప్పాలంటే చాలామంది ఇవ్వరు. ఇవ్వనివాళ్ల మీద నాకు మొదట్లో ఒళ్లు మండేది. మా పనికి పెద్ద అయిన డాక్టరు మేడం ఆ మంట చల్లార్చింది. ఆమెకు ఒక నియమం ఉంది. ఏం తీసుకుంటామో రెండుసార్లు చెప్పాలి. వాళ్లు వద్దంటే బతిమాలకూడదు, ఇచ్చిన ఛాయ్ తాగి, దండం పెట్టి వచ్చేయాలి. “వాళ్లు పడుకున్న గంటలు, తిరిగిన దారులు అడుగుతున్నాం. మన ఇంటికొచ్చి ఎవరైనా అడిగితే మనం ఇస్తామా?” అంటుంది. అంత చదువుకుని అంత నిదానం ఎట్లా వచ్చిందో ఆమెకు! నాకు సగం వచ్చినా బాగుపడేదాన్ని.

ఫోన్లు చెప్పిందంతా నిజమని కూడా కాదు. బచ్చన్నపేట దిక్కు పత్తి చేన్లకు పోయే ఇళ్లలో ఇంటికంతా ఒకటే ఫోను. పొద్దున కోడలు నడుముకు దోపుకుని పోతుంది, మధ్యాహ్నం మామ జేబులో వేసుకుని గొర్ల వెంట పోతాడు, సాయంత్రం పిల్లలు పట్టుకుని వీధంతా ఉరుకుతారు. కంప్యూటరు ఈ ముగ్గురి నడకనూ కలిపి, ఆ ఇంట్లో అలుపే ఎరగని మనిషి ఎవరో ఉన్నారని రాసింది. మేడం నవ్వీ నవ్వీ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

భూపాలపల్లి సంగతి దానికంటే విడ్డూరం. అక్కడి కార్మికుల క్వార్టర్ల నుంచి వచ్చిన లెక్కలు చూసి, ఆఫీసులో కంప్యూటరు చూసే తమ్ముడు, “వీళ్లు మామూలు మనుషులు కాదు మేడం. రాత్రీ నిద్రే, పగలూ నిద్రే. కొందరైతే మధ్యాహ్నం పడుకుని చీకటి పడ్డాక లేస్తున్నారు” అన్నాడు. ఫోను గంటల తరబడి కదలకుండా ఉంటే మనిషి నిద్రపోయినట్టు రాసుకుంటుంది కంప్యూటరు. నాకు ఆ మాటకు అరికాలి మంట నెత్తికెక్కింది. “భూమిలకు దిగి బొగ్గు తవ్వేటోళ్లు నీకు సోమరిపోతుల లెక్క కనవడ్డరా?” అని వాడిని వాయించాను. మేడం నన్ను ఆపింది. “కోపం తర్వాత. పోయి అడిగి రా, ఏం జరుగుతున్నదో” అంది.

అట్లా నేను భూపాలపల్లి బస్సెక్కాను. ఆ రోజు అక్కడ నేను మొదట పలకరించింది ఒక అక్కను.

క్వార్టర్ల మధ్య కుళాయి దగ్గర బిందె పెట్టుకుని నిలబడి ఉంది. పొడుగు మనిషి, ఆమె గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. నేను నోరు తెరవకముందే, “ఎవల బిడ్డవమ్మా? బ్యాంకోళ్ల మనిషివైతె ఎన్కకు మళ్లు, చీరలమ్మేదానివైతె లోపటికి రా” అంది. రెండూ కాదని, వచ్చిన పని చెప్పాను. మీ వాడ మగవాళ్లు పగలంతా నిద్రపోతున్నట్టు మా కంప్యూటరు అంటున్నదని చెప్పేసరికి బిందె వదిలేసి నవ్వింది. నవ్వుతూనే పక్క క్వార్టరు ఆమెను పిలిచి ఆమెకూ చెప్పింది. ఇద్దరూ కలిసి నవ్వారు.

“ఓ చెల్లె, బాయిల నిద్రపోతె ఇగ లేసుడుంటదా?” అంది చివరికి. బొగ్గు గనిని అక్కడ బాయి అంటారు. “సెల్లు లోపటికి పోనియ్యరు. నిప్పు రవ్వ లేసిందంటె ఆగమే. బండి డిక్కిల పెట్టి దిగుతరు. సెల్లు పండుకుంటది గని మనిషి పండుకుంటడా?”

ఎంత సులువైన సంగతి! ఏసీ గదిలో కూర్చుని మేమంతా తలలు బద్దలు కొట్టుకున్నాం, ఆమె కుళాయి దగ్గర ఒక్క మాటలో విప్పేసింది. నాకు ముచ్చటేసింది. అప్పుడే పోవలసినదాన్ని, ఛాయ్ తాగిపొమ్మంటే ఆగిపోయాను.

ఇంట్లో గోడ మీద ఆమె భర్త ఫోటో ఉంది. దాని పక్కన బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు. ఆయన బాయి కార్మికుడు, ఊపిరి అందని రోగంతో పోయాడు. ఇప్పుడు కొడుకు తండ్రి నౌకరీలోనే చేరి అదే బాయిలో దిగుతున్నాడు. “మీ బావకు ముందుగాల దగ్గు. దవాఖానకు పోదామయ్యా అంటె ఇంటేనా? దగ్గు మాకు సుట్టమే, వస్తది పోతది అనేటోడు. ఆఖర్కి దగ్గు పోలె, ఆయన పోయిండు” అంది. నన్ను చెల్లె అన్నది కాబట్టి ఆయన నాకు బావ అయిపోయాడు.

ఇంతలో సైరన్ మోగింది. షిఫ్టు ముగిసిందని చెప్పే సైరన్. అక్క మాట మధ్యలో ఆపేసి, చేతులు కొంగుకు తుడుచుకుని, షెల్ఫు మీద నుంచి ఫోను తీసింది. దాని మొహం మీద పగులు. వేలితో ఏదో నొక్కి, చెవి దగ్గర పెట్టుకోకుండా ఇద్దరికీ వినిపించేలా పట్టుకుంది.

“పైకొచ్చిన” అన్నది ఒక మగ గొంతు. అంతే.

నేను బిత్తరపోయాను. అక్క నవ్వింది. “భయపడకు. మీ బావే.”

అప్పుడు చెప్పింది. బాయిలో పైకప్పు కూలిందన్న పుకారొకటి పుట్టి, వాడంతా గేటు దగ్గరికి ఉరికిన రోజొకటి ఉండెనట. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నుంచి అక్కకు షిఫ్టు దిగే దాకా అన్నం సహించేది కాదు. ఆమెకు చదవడం రాదు, ఆయనకు రాయడం అంతంత మాత్రం. అందుకని ఆయన పైకి రాగానే, స్నానం కూడా చేయకముందే, డిక్కీలో నుంచి ఫోను తీసి ఒక మాట పలికి పంపేవాడు. పైకొచ్చిన. ఏ షిఫ్టు అయినా సరే, పండగ మర్నాడైనా సరే. ఇంట్లో పోట్లాడుకుని పోయిన రోజు కూడా పంపేవాడట, “గప్పుడు జర బుస్సున అనేటోడు” అని అక్క మూతి తిప్పి చూపించింది. అప్పుడప్పుడు వెనక ఇంకో ముక్క తగిలించేవాడు. “పైకొచ్చిన. చాపలు దొరికినయ్, చింతపండు నానబెట్టు.” అన్నీ ఆ పగిలిన ఫోనులోనే ఉన్నాయి. ఆయన పోయాక, రోజూ సైరన్ మోగగానే అందులోంచి ఒకటి పెట్టుకుని వింటుంది.

నాకు ఇంకొకటి వినిపించమని అడగాలనిపించింది. అక్క వేలు పైకి పైకి జరిపి బాగా పాతది పెట్టింది. ఆ గొంతులో నవ్వుంది, మాట ఒక్క ఊపున వచ్చింది. తర్వాత చివరి రోజులది పెట్టింది. “పై...” అని ఆగాడు. ఊపిరి లోపలికి పీల్చుకున్న చప్పుడు. ఆ తర్వాత “...కొచ్చిన.” నాలుగక్షరాల మాట మధ్యలో మనిషి ఆగవలసి వచ్చింది. 

బయటికి వచ్చి మేడంకు ఫోన్ చేశాను. విన్నదంతా ఇంకోసారి చెప్పించుకుంది. తర్వాత ఆమె మెల్లగా చెప్పింది. ఒకే మనిషి, ఒకే మాట, ఒకే చోట నిలబడి, పని దిగిన ఒకే వేళకు, ఏళ్ల తరబడి. ఏ దవాఖానలోనూ ఎవరూ ఇట్లా రికార్డు చేయలేరు. దగ్గు మొదలుకాక ముందే ఆయన ఊపిరి ఎక్కడ కురచ కావడం మొదలైందో అందులో దొరకవచ్చు. అది యంత్రానికి నేర్పగలిగితే, రేపు మరో కార్మికుడు ఫోన్లో మాట్లాడే మాటలోనే పట్టుకుని, “అయ్యా, దవాఖానకు పో” అని చెప్పవచ్చు. ఇంత చెప్పి, వెంటనే, “కానీ అది ఆమె సొత్తు. రెండుసార్లు చెప్పు. వద్దంటే ఛాయ్ తాగి వచ్చెయ్” అంది.

ఛాయ్ అప్పటికే తాగాను. మళ్లీ లోపలికి పోయి కూర్చున్నాను. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆ మాటలన్నీ మేము తీసుకుంటామని, మనుషులెవరూ కూర్చుని వినరని, యంత్రం ఊపిరినే కొలుస్తుందని, ఆయన పేరు ఎక్కడా ఉండదని చెప్పాను. “కాపీ తీసుకుంటాం అక్కా, నీ ఫోన్లో నీకు ఉంటాయి” అని కూడా చెప్పాను. రెండోసారి మళ్లీ మొదటి నుంచి చెప్పాను.

అక్క తల ఊపింది.  అంత గలగలా మాట్లాడే మనిషి గోడకేసి చూస్తూ కూర్చుంది.

ఇక్కడ మీకు ఒక సంగతి ముందే చెప్పాలి. నాకు అది మర్నాడు గానీ తెలియలేదు. నేను తీసుకుంటే ఆ గొంతు ఇక తన దగ్గర ఉండదనే అక్క అనుకుంది. నా మాట అర్థం కాక కాదు, నమ్మలేక. ఇంతకుముందు ఒకసారి కొత్త ఫోను కొన్నప్పుడు, బజారులో ఒక సెల్లు దుకాణం అతను కూడా ఇట్లాగే “ఏం గాదక్కా, కాపీ తీస్త, అన్ని ఉంటయ్” అన్నాడట. బిడ్డ పెళ్లి ఫోటోలన్నీ పోయి, ఫోను తెల్లమొహం వేసుకుని తిరిగొచ్చింది. అతనూ చదువుకున్నవాడే, నవ్వుతూ చెప్పినవాడే. చదువుకున్నవాళ్లు ముందు అన్నీ ఉంటాయనే అంటారు, తర్వాత ఉండవు అని అక్క తీర్మానించుకుంది. ఇంటికొచ్చిన ఆడబిడ్డను నమ్మను అని మొహం మీద అనలేక తల ఊపింది.

ఇంకోటి, ఆమెకు ఇవ్వడమంటే తెలిసిన తీరు వేరు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఒక గుప్పెడు బియ్యం తీసి పక్క డబ్బాలో వేస్తుంది. ఆదివారం ఆ డబ్బా చర్చికి పోతుంది, అక్కడి నుంచి లేనివాళ్లకు పోతుంది. ఆ వాడలో చాలా ఇళ్లలో అదే అలవాటు. చుట్టాలు వచ్చి కుండలో అన్నం తక్కువ పడ్డా సరే, పక్కకు తీసిన గుప్పెడును తిరిగి కుండలో పోయరు. తాము ఒక ముద్ద తక్కువ తింటారు. ఇచ్చింది అంటే ఇంట్లోంచి పోయినట్టే. పోకపోతే అది ఇవ్వడం కాదు.

కాబట్టి ఆ మధ్యాహ్నం ఆమె ముందు ఉన్నది నేననుకున్న ప్రశ్న కాదు. భర్త గొంతు ఉంచుకోవడమా, పోగొట్టుకోవడమా అన్నదే ఆమె ప్రశ్న.

చివరికి ఒక్కటే అడిగింది. “గిది ఇస్తె మావోనికి అక్కరకొస్తదా?”

మావోడు అంటే కొడుకు. అప్పటికి వాడింకా బాయి నుంచి ఇల్లు చేరలేదు. అవును అనేస్తే సరిపోయేది, నా నాలుక చివరి దాకా వచ్చింది కూడా. కానీ మేడం గుర్తుకొచ్చింది. “రావచ్చు అక్కా, రాకపోవచ్చు. వానికి కాకుంటె వాని తర్వాత దిగేటోళ్లకు రావచ్చు. ఖాయంగ అయితె చెప్పలేను” అన్నాను.

“అబద్ధం చెప్పలె నువ్వు” అంది అక్క. ఫోను వంక చూసి, “రేపు రా” అంది.

మర్నాడు లాప్‌టాప్ సంచీ భుజాన వేసుకుని పోయేసరికి ఇంటి నిండా చెప్పులు. లోపల ఆడబిడ్డ, మరదలు, చుట్టుపక్కల ఆడవాళ్లు, ఓ మూలన పాస్టరయ్య. మహబూబాబాద్ నుంచి కూతురు కూడా పొద్దున బండికే వచ్చింది. కొడుకు మాత్రం డ్యూటీకి పోయాడు. నడుమ చాప మీద ఫోను. అక్క ఒకదాని తర్వాత ఒకటి పెడుతోంది, అందరూ వింటున్నారు. పైకొచ్చిన. పైకొచ్చిన. పైకొచ్చిన, ఎండ మస్తుగున్నది. పైకొచ్చిన, పొయ్యి మీద నీళ్లు పెట్టు. ఒకదాంట్లో ఎవరో పక్క నుంచి ఎగతాళి చేస్తుంటే ఆయన “ఆగరా బై, మీ అక్కకు చెప్పనియ్యి” అన్నాడు. అందరూ నవ్వారు. కూతురు నవ్వుతూనే ఏడ్చింది.

ఎందుకు ఇవ్వాళే ఇదంతా అని ఎవరికీ తెలియదు. పాస్టరయ్యతో ప్రార్థన పెట్టించాలని ఉంది, రండి అని పిలిచిందట, అంతే. ఇచ్చేస్తున్నానని చెబితే కూతురు వద్దంటుంది, కొడుకు అసలే పడనివ్వడు. అందుకే వాడు డ్యూటీలో ఉన్న వేళ చూసి పెట్టుకుంది. నేనేమో మా పని గొప్పతనం చూసి అక్క పదిమందిని పోగేసిందనుకుని లోలోపల పొంగిపోయాను. నా తెలివి మండిపోను!

ప్రార్థనలో పాస్టరయ్య ఆయన్ను తలుచుకుని నాలుగు మాటలు చెప్పాడు. అక్క కళ్లు మూసుకుని పెదవులు కదుపుతూ ఉంది. అందరికీ అన్నం పెట్టింది. తిని ఒక్కొక్కరే లేచిపోయారు. కూతురు కూడా బస్సు వేళయిందని లేచింది. “మళ్లొకపారి ఇనిపోవే” అని అక్క ఆమెను వాకిట్లోంచి వెనక్కి పిలిచి ఇంకొకటి వినిపించి పంపింది.

ఇల్లు ఖాళీ అయ్యాక ఫోనును రెండు చేతులా పట్టుకుని తెచ్చి నా ఒళ్లో పెట్టింది. “తీస్కో. జర పైలం” అని జాగ్రత్త చెప్పింది. మా ఒప్పుకోలు కాగితం మీద నిశానీ వేయాల్సిన చోట బొటనవేలు గట్టిగా అద్ది, వెంటనే వంటింట్లోకి పోయింది.

నేను వైరు తగిలించాను. లాప్‌టాప్ మీద పచ్చగీత నత్తనడక నడుస్తోంది. వంటింట్లోంచి చప్పుడు లేదు. తొంగిచూస్తే, అక్క రాత్రి వంట కోసం చాటలో బియ్యం పోసుకుని ఏరుతూ ఉంది. రాళ్లేమీ లేవు ఆ బియ్యంలో, కంట్రోలు బియ్యమైనా శుభ్రంగానే ఉన్నాయి. అయినా ఏరుతూనే ఉంది. గుప్పెడు తీసి డబ్బాలో వేసింది. కాసేపాగి ఇంకో గుప్పెడు వేసింది.

“అయిపోయిందక్కా!” అని అరిచాను. ఆమె రాలేదు. నేనే ఫోను పట్టుకుపోయి ఇవ్వబోయాను. చేయి చాపలేదు. “ఆడ పెట్టు” అని షెల్ఫు చూపించింది, అటు చూడకుండా. సరే, అన్నం వడ్డించీ వడ్డించీ అలిసిపోయింది పాపం అనుకున్నాను. లాప్‌టాప్ సర్దుకుంటూ ఏదో ఒకటి మాట్లాడుతున్నాను. మేడం చాలా సంతోషిస్తుందని, ఇట్లాంటిది ఎక్కడా దొరకదని, తనకు అసలు ఎట్లా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదని. అక్క “ఊఁ” అంటోంది.

అప్పుడు సైరన్ మోగింది.

అక్క లేచింది. అలవాటుగానే చేతులు కొంగుకు తుడుచుకుని షెల్ఫు వైపు నడిచింది. సగం దూరం పోయి ఆగిపోయింది. వెనక్కి తిరిగి, గడప మీద కూర్చుని, తుడుచుకున్న చేతుల్నే మళ్లీ తుడుచుకుంది. ఆ మొహం చూసి నేను సర్దడం ఆపేశాను. ఏమైందో తెలియదు, కానీ ఏదో అయింది.

“అక్కా, ఇయ్యాల పెట్టుకోవా?” అన్నాను.

“ఏం పెట్టుకోవాలె చెల్లె? నువ్వు తీస్కపోతాంటివి గద.”

“ఎక్కడికి?”

“సంచిల ఏసుకుంటివి గద!” అని గద్దించింది. మొహం పక్కకు తిప్పుకుంది. “పోనీ తియ్యి. ఇచ్చిన్నంటె ఇచ్చిన. మల్ల అడుగనులే.”

నాకు అప్పుడు వెలిగింది. నిన్నటి మౌనం, పొద్దుటి చెప్పులు, ఏరిన బియ్యమే ఏరడం, అన్నీ ఒక్కసారిగా. సంచీ కింద పడేసి ఉరికి ఫోను తీశాను. నా వేళ్లు ఆ పగుళ్ల మీద జారిపోతున్నాయి. ఏది దొరికితే అది నొక్కాను.

“పైకొచ్చిన” అన్నాడు మా బావ.

అక్క గడప మీద నుంచి లేవలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నన్నూ ఫోన్నూ మార్చి మార్చి చూసింది. “ఇంకోటి పెట్టు” అంది. పెట్టాను. “పాతది పెట్టు” అంది. పెట్టాను. చింతపండు నానబెట్టమన్నాడు. అప్పుడు ఏడ్చింది. చిన్న ఏడుపు కాదు, పక్క క్వార్టరు ఆమె పరుగెత్తుకొచ్చేంత ఏడుపు. వచ్చినామెకు ఏం చెప్పాలో తెలియక నేనూ ఏడ్చాను. తర్వాత అక్క లేచి వచ్చి నా వీపు మీద ఒక్కటి చరిచింది. దెబ్బ గట్టిదే.

“ఉంటయని చెప్పినవ్, నిజమేనానె! సెల్లు దుకాణపోడు సుత గట్లనే చెప్పె. నీ మొఖం సూస్తె గూడ వాని లెక్కనే కనవడ్డవ్!”

“నా మొహం అంత పాపం చేసిందా అక్కా?”

“సప్పుడు చెయ్యకు” అని కోపంగా కళ్లు తుడుచుకుంది. తుడుచుకుంటూనే నవ్వింది. సెల్లు దుకాణం కథ అంతా అప్పుడే చెప్పింది. అసలు సంగతి చెప్పకుండా అందరినీ ఎందుకు పిలిచిందో కూడా చెప్పింది. “ఒక్కపారి అందరు ఇనని, ఇగ ఇనరు గద అనుకున్న. ప్రార్థనల మీ బావకు చెప్పుకున్న. అయ్యా, నీ గొంతు ఇచ్చేస్తాన్న, ఏమనుకోకు, పిలగాని కోసమే అని.”

నేను ఆమె మొహం చూస్తూ కూర్చున్నాను. ఈ పనిలో ఎంతోమంది దగ్గర సంతకాలు పెట్టించుకున్నాను. అందరూ మంచివాళ్లే. ఏమీ పోదు కదా అని ఇచ్చినవాళ్లే. అంతా పోతుందని తెలిసి, పోతుందనే నమ్మి, కొడుకుకు అక్కరకొస్తుందో రాదో కూడా ఖాయం లేని దానికి ఇట్లా రెండు చేతులతో తెచ్చి ఒళ్లో పెట్టిన మనిషిని నేను అంతకు ముందు చూడలేదు. దుకాణంలో పుట్టినదాన్ని, నాకు ఇట్లాంటి ఇవ్వడం తెలియదు. ఆ మాట ఆమెతో అనేశాను కూడా. నాకు దాచుకోవడం రాదు.

అక్క దానికి మురిసిపోలేదు. ఏదో ఆలోచనలో పడింది. నేను సంచీ వేసుకుని చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటుంటే వాకిట్లోకి వచ్చింది. ఫోను ఎదకు ఆనించుకుని ఉంది. మొహంలో సంతోషం ఉంది, దాని కింద ఏదో చిన్న లోటు కూడా ఉంది.

“చెల్లె, ఒక్క మాట. గిదంత నాకాడ్నే ఉండె. గింత సుత తగ్గకపాయె. మరి నేను ఏమిచ్చినట్టు? ఇచ్చింది ఇంట్లనే ఉంటె ఇచ్చినట్టు ఎట్లయితది?”

  బస్సు పోతే పోయిందని వాకిట్లోనే నిలబడి ఆలోచించాను. కాపీ గురించి చెప్పవచ్చు, మేడం మాటలు చెప్పవచ్చు. అవేవీ ఆమె అడిగినదానికి జవాబు కాదు.

“అక్కా, ఇయ్యాల నువ్వేం ఇయ్యలే. ఇయ్యాల నేను తీసుకున్న, అంతే. నువ్వు నిన్ననే ఇచ్చినవ్. రేపు రా అన్నవ్ చూడు, అప్పుడు.”

అక్క నా మొహంలోకి చూసింది. నిన్నటి మధ్యాహ్నాన్ని, గోడకేసి చూస్తూ కూర్చున్న ఆ కాసేపటిని మళ్లీ ఒకసారి తనలో తాను తూచుకున్నట్టుంది. తర్వాత తల పైకెత్తింది.

“గది నిజమే” అంది. “నిన్ననైతె ఇచ్చిన.”